మార్ఖా లోయ ట్రెక్: 19 కిలోల సామాను, ఎక్కడ కోత వేయాలో చెప్పండి

సాగరతీరం | జూన్ 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు, విశాఖలో ఉద్యోగం. ఆగస్టు 24న నేను, మా మేనకోడలు లేహ్‌లో దిగుతున్నాం. మూడు రోజులు అక్కడే ఉండి, ఆ తర్వాత మార్ఖా లోయలో నడక. స్కియు, మార్ఖా, హంకర్, తచుంగ్‌ట్సే, నిమాలింగ్, ఆపైన కొంగ్‌మారు లా కనుమ దాటి షాంగ్ సుమ్‌దో వైపు దిగుతాం. ఊళ్ళు ఉన్నంతవరకు హోమ్‌స్టేలు, తచుంగ్‌ట్సే, నిమాలింగ్‌లలో టెంటు. బరువు మోయడానికి ఒక గుర్రం, దారి చూపడానికి ఒక లద్దాఖీ గైడు ఉంటారు.

నేను రాసుకున్న జాబితా: ట్రెక్కింగ్ బూట్లు (ఆరేడేళ్ళ కిందట కొన్నవి, రెండుసార్లే వేసుకున్నా, కొత్తవాటిలాగే ఉన్నాయి), జీన్స్ 2, కాటన్ చుడీదార్లు 3, స్వెట్టర్లు 3, శాలువా, మంకీ క్యాప్, రగ్గు, గొడుగు, రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్, బియ్యం 2 కిలోలు, ఆవకాయ సీసా, కందిపొడి, నువ్వుండలు, కర్పూరం, ఆక్సిజన్ క్యాన్లు 2, పవర్ బ్యాంకులు 2, మందుల పెట్టె, హైదరాబాద్‌లో ఉన్న మరిది ఇచ్చిన డౌన్ జాకెట్ (లోపల పక్షి ఈకలు నింపినది). అన్నీ చక్రాల సూట్‌కేసులో పెట్టి తూస్తే 19 కిలోలొచ్చింది. నవ్వండి, ఫర్వాలేదు. కానీ నవ్వాక ఏది తీసేయాలో చెప్పండి.

బోడుప్పల్_బాబు | జూన్ 9, రాత్రి 10:40

అక్కా, కుక్కర్ దగ్గర ఆగిపోయిన. గొడుగు దగ్గర మళ్ళీ ఆగిన 😄

నేను రెండేళ్ళ కింద చేసిన మార్ఖా. హోమ్‌స్టేలో పొద్దున, రాత్రి తిండి వాళ్ళే పెడతారు. మధ్యాహ్నానికి కూడా ఖంబీర్ రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు, ఏదో ఒక జ్యూస్ డబ్బా కట్టిస్తారు. బియ్యం, కుక్కర్ రెండూ ఇంట్లో పెట్టండి. సూట్‌కేసు అయితే అసలే వద్దు. గుర్రానికి చక్రాల పెట్టె కడితే గుర్రమాయన మొహం చూడాలి. మెత్తటి డఫెల్ బ్యాగు తీసుకోండి.

మాజీ_సుబేదార్ | జూన్ 10, ఉదయం 5:25

అమ్మా, నేను లద్దాఖ్‌లో రెండు విడతలుగా దాదాపు ఐదేళ్ళు చేశాను. ఊరు శ్రీకాకుళం జిల్లా. మీ జాబితా చూస్తే ఒక సంగతి తెలుస్తోంది, నడిచేటప్పుడు చలేస్తుందని మీరు అనుకుంటున్నారు. నడిచేటప్పుడు చలెయ్యదు, చెమట పడుతుంది. చలి వేసేది ఆగినప్పుడు. సాయంత్రం నాలుగింటికి నిమాలింగ్ చేరి కూర్చున్న పది నిమిషాలకి, ఆ చెమట పట్టిన కాటన్ బట్టే మీకు శత్రువు. కాటన్ నీళ్ళు పీల్చుకుంటుంది, ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. జీన్స్ ఒకసారి తడిస్తే ఆ రోజుకి ఇంతే.

అందుకని జాబితాని రెండు భాగాలు చేసుకోండి. నడకకి ఏం కావాలి, ఆగినప్పుడు ఏం కావాలి. నడకకి చాలా తక్కువ చాలు. ఆగినప్పటి మూట మాత్రం ఎప్పుడూ పొడిగా ఉండాలి, ఎంత టెంప్ట్ అయినా అందులోది నడకలో వేసుకోకూడదు.

సియాటిల్_సుధ | జూన్ 10, ఉదయం 8:03

సుబేదార్ గారి మాటకి వంద మార్కులు. నేను జాబితా విప్పి చెప్తాను.

ఒంటికి ఆనుకుని: పలచటి పాలియెస్టర్ లేదా మెరీనో ఉన్ని టీషర్టులు, పొడుగు చేతులవి 2. నడకకి త్వరగా ఆరే ప్యాంట్లు 2. పైన పలచటి ఫ్లీసు 1. దానిపైన గాలి, వాన ఆపే జాకెట్టు 1. ఆగినప్పటికి మీ డౌన్ జాకెట్, ఒక జత థర్మల్స్ (పడుకోడానికి మాత్రమే), ఉన్ని సాక్సులు 1 జత (ఇవీ పడుకోడానికే). నడక సాక్సులు 3 జతలు. ఉన్ని టోపీ, ఎండకి అంచున్న టోపీ, గ్లోవ్స్ రెండు జతలు: పలచనివి, మందమైనవి. ఇంతే. మీ జీన్స్, చుడీదార్లు, స్వెట్టర్ల బరువులో ఇవన్నీ వచ్చేస్తాయి.

గొడుగు మాత్రం నవ్వాల్సింది కాదు. మార్ఖాలో చెట్టు నీడ పెద్దగా ఉండదు, నేను ఎండకి గొడుగే వాడతాను. చిన్నది, 200 గ్రాములది.

ఇంకొకటి, సిగ్నల్ లేని చోటుకి వెళ్తున్నారు కాబట్టి ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకి తీసుకోండి. నేను అది లేకుండా కొండ ఎక్కను.

మాజీ_సుబేదార్ | జూన్ 10, ఉదయం 8:31

సుధమ్మా, ఆ చివరి మాట వెనక్కి తీసుకో తల్లీ. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ఇన్‌రీచ్ గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. ఎయిర్‌పోర్టులో దొరికి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిన విదేశీ ట్రెక్కర్లు ఉన్నారు. అందులోనూ లేహ్ సరిహద్దు ప్రాంతం. ఎవరూ దాన్ని పెట్టెలో పెట్టుకుని దిగొద్దు.

సియాటిల్_సుధ | జూన్ 10, ఉదయం 8:50

అయ్యో, నాకు నిజంగా తెలీదు బాబాయ్ గారూ. డిసెంబర్‌లో ఇండియా వచ్చినప్పుడు బ్యాగులో వేసుకునే దాన్నే! థాంక్స్. సాగరతీరం గారూ, ఆ పేరా కొట్టేసినట్టు అనుకోండి.

బోడుప్పల్_బాబు | జూన్ 10, ఉదయం 9:15

ఫోన్ల మాట వచ్చింది కాబట్టి: ప్రీపెయిడ్ సిమ్ మన ఊరిది లద్దాఖ్‌లో పనిచెయ్యదు. పోస్ట్‌పెయిడ్ అయితే లేహ్‌లో వస్తుంది, లోయలో మాత్రం దాదాపు ఆశలు వదులుకోవాలె. ఇంట్లో ముందే చెప్పండి, ఐదారు రోజులు ఫోన్ రాదు, టెన్షన్ పడొద్దని. మా అమ్మకు చెప్పకుండ పోయిన, తిరిగొచ్చేసరికి మా మామ ఢిల్లీకి టికెట్ చూస్తుండె.

పవర్ బ్యాంకు చెక్-ఇన్ బ్యాగులో పెట్టొద్దు, చేతి సంచిలోనే. 20,000 ఎంఏహెచ్‌ది ఒక్కటి చాలు. గ్యాస్ క్యాన్, లైటర్ విమానంలో వద్దు. చేతికర్రలు (ట్రెక్కింగ్ పోల్స్) చెక్-ఇన్‌లోకి.

డాక్టరమ్మ_నెల్లూరు | జూన్ 10, మధ్యాహ్నం 2:20

మందుల పెట్టె గురించి ఎవరూ అడగలేదేంటి? సాగరతీరం గారూ, లోపల ఏమున్నాయో రాయండి. బీపీ, షుగర్, థైరాయిడ్ ఏమైనా ఉన్నాయా?

కర్పూరం గురించి: అమర్‌నాథ్ యాత్రకి వెళ్ళే మనవాళ్ళంతా తీసుకెళ్తారు, నాకు తెలుసు. వాసన చూస్తే ముక్కు చల్లగా అనిపిస్తుంది, గాలి బాగా ఆడినట్టు ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఒక్క శాతం కూడా పెరగదు. హారతికి పట్టుకెళ్తానంటే మీ ఇష్టం. ఆక్సిజన్ క్యాన్ కూడా కొన్ని నిమిషాల్లో అయిపోయే వస్తువు. అది దగ్గరుందన్న ధైర్యంతో కిందకి దిగకుండా కూర్చుంటేనే ప్రమాదం.

సాగరతీరం | జూన్ 10, రాత్రి 9:30

ఇన్ని జవాబులా! కుక్కర్, బియ్యం, జీన్స్, సూట్‌కేసు, క్యాన్లు తీసేశాను. 19 కాస్తా 12 అయ్యింది. ఆవకాయ మాత్రం అడగొద్దు.

డాక్టర్ గారూ, థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటాను. వేరేమీ లేవు. పెట్టెలో పారాసిటమాల్, ఓఆర్ఎస్, విరేచనాలకి మాత్రలు, బ్యాండ్ ఎయిడ్, అమృతాంజనం ఉన్నాయి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర అందరూ వేసుకోమంటున్నారు. ముందే మొదలెట్టాలా?

డాక్టరమ్మ_నెల్లూరు | జూన్ 11, ఉదయం 7:10

మీ డాక్టర్ని కలవకుండా మొదలెట్టొద్దు. నేను మామూలుగా జరిగేది చెప్తాను. డయామాక్స్ అంటే అసిటజోలమైడ్. విశాఖ నుంచి, అంటే సముద్రమట్టం నుంచి, ఒక్క పూటలో 3,500 మీటర్ల లేహ్‌కి ఎగురుతున్నారు. శరీరానికి ఇది పెద్ద దెబ్బ. ఇలాంటి వాళ్ళకి 125 మి.గ్రా. చొప్పున రోజుకి రెండుసార్లు, వెళ్ళే ముందురోజు నుంచి ఇస్తుంటాం. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. వేళ్ళు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా రుచి చెడుతుంది. భయపడకండి. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసి చూసుకుంటే ఒంటికి పడుతుందో లేదో తెలుస్తుంది.

మందు ఉంది కదా అని లేహ్‌లో విశ్రాంతి కోసేయకండి. మొదటి 48 గంటలు మెట్లెక్కే గుడులు, గోంపాలు (బౌద్ధ మఠాలు) వద్దు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకుండా చూసుకోవాలి. మీరు హంకర్ నుంచి ఒకేసారి నిమాలింగ్ వెళ్ళకుండా మధ్యలో తచుంగ్‌ట్సేలో ఆగుతున్నారు, చాలా మంచి పని చేశారు. నిద్ర మాత్రలు, మందు పార్టీలు వద్దు.

ఇప్పుడు ముఖ్యమైనది. తలనొప్పి, వికారం మామూలే, అక్కడే ఆగితే తగ్గుతాయి. కానీ కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మడమకి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలుతున్నా, మాట తేడాగా ఉన్నా, అది అర్ధరాత్రయినా సరే దిగాల్సిందే. ఆక్సీమీటర్ కోవిడ్ నాటిది ఇంట్లో ఉంటే తీసుకెళ్ళండి. నెయిల్ పాలిష్ తీసేసి, వేళ్ళు వెచ్చబెట్టుకుని చూడండి, లేకపోతే తప్పుడు అంకె చూపించి హడలగొడుతుంది.

మాజీ_సుబేదార్ | జూన్ 11, ఉదయం 7:45

మమ్మల్ని ఫౌజులో మొదటి దశ ఎత్తులో ఆరు రోజులు, 12,000 అడుగులు దాటాక నాలుగు, 15,000 దాటాక ఇంకో నాలుగు రోజులు ఆపేవారు. పాతికేళ్ళ కుర్రాళ్ళని కూడా. టూరిస్టులు పొద్దున దిగి మధ్యాహ్నానికి ఖర్దుంగ్ లా కనుమ ఎక్కేస్తామంటారు.

కోనసీమ_కొబ్బరి | జూన్ 11, ఉదయం 11:02

మనవాళ్ళకి చలి పడదండీ. 22 డిగ్రీలకే స్వెట్టర్ వేస్తాం. ఇవన్నీ పహాడీ వాళ్ళు చేసే పనులు. హాయిగా కారులో పాంగాంగ్ సరస్సు చూసి రండి.

బోడుప్పల్_బాబు | జూన్ 11, ఉదయం 11:20

అన్నా, మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలే. తోడున్న ఆనంద్‌ది ఖమ్మం. మొదటి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. అక్కడ చలికి దుప్పటి కూడా అక్కరలే.

కోనసీమ_కొబ్బరి | జూన్ 11, ఉదయం 11:41

సరే బాబూ ఒప్పుకున్నా. కానీ ఆవకాయ విషయంలో ఆవిడకే నా ఓటు. అన్నట్టు అది మా వైపు ఆవకాయా, గుంటూరుదా?

[ఇక్కడ ఆవకాయ మీద వచ్చిన 31 జవాబులను వంటల విభాగానికి తరలించాం. దయచేసి ఇక్కడ సామాను గురించే మాట్లాడండి. - నిర్వాహకుడు]

కొండగాలి | జూన్ 12, రాత్రి 8:15

ఇన్ని మాటల్లో ఎవరూ బూట్ల గురించి ఎత్తలేదు, నాకు గుండె దడగా ఉంది. "ఆరేడేళ్ళ కిందటివి, కొత్తవాటిలాగే ఉన్నాయి" అన్నారు కదా మేడమ్? చాలా ట్రెక్కింగ్ బూట్లకి అడుగు మధ్యలో పాలీయురేథేన్ నురగ ఉంటుంది. వాడినా వాడకపోయినా గాలిలో తేమకి అది లోలోపల కుళ్ళిపోతుంది. పైకి తోలు మెరుస్తూనే ఉంటుంది. వాడకుండా అటక మీద పెట్టినవే ఇంకా త్వరగా పోతాయి. అందులోనూ మీది సముద్రం పక్క ఊరు. ఒక్క పని చేయండి, ఈ ఆదివారం అవి వేసుకుని ఎక్కడైనా రెండు మూడు గంటలు ఎక్కి దిగండి.

సాగరతీరం | జూన్ 15, సాయంత్రం 6:50

కొండగాలి గారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలో, మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలీదు. పొద్దున్నే కైలాసగిరి మెట్లెక్కాను. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దిగేటప్పుడు కుడి బూటు అడుగు చప్పట్లు కొట్టడం మొదలెట్టింది. ఇంకో పాతిక మెట్లకి మొత్తం ఊడి చేతికొచ్చింది. లోపల నురగ అటుకుల పొడిలా రాలిపోతోంది. ఎడమది ఆటోలో ఊడింది. ఒక కాలికి సాక్సుతో బీచ్ రోడ్డులో నిలబడి ఆటో పిలిచాను, ఎవరో ఫోటో కూడా తీశారు.

ఇదే హంకర్ దాటాక జరిగి ఉంటే?

కొండగాలి | జూన్ 15, రాత్రి 7:30

అమ్మయ్య, కైలాసగిరి మీదే జరిగింది.

కొత్తవి ఇప్పుడే కొనండి, ఆగస్టులో కాదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నడకకి వాడే సాక్సులే వేసుకుని చూడండి. వేళ్ళని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. షాపులో వాలు బల్ల ఉంటే దాని మీద కిందికి దిగి చూడండి, వేళ్ళు ముందు తగలకూడదు. కొంగ్‌మారు లా నుంచి దిగుడు పొడుగ్గా ఉంటుంది, ఆ రోజు గోళ్ళు నల్లబడేది బూటు చిన్నదైన వాళ్ళకే. కొన్నాక కనీసం నెల రోజులు బజారుకి, ఆఫీసుకి అవే. చీర మీదకైనా సరే.

సియాటిల్_సుధ | జూన్ 16, ఉదయం 6:12

నేనైతే అసలు బూట్లే వద్దంటాను. మార్ఖా దారిలో మంచు ఉండదు ఆ నెలలో. తేలికపాటి ట్రెయిల్ షూస్ చాలు. పాదం మీద 100 గ్రాములు తగ్గితే వీపు మీద చాలా తగ్గినట్టు. నేను ఇక్కడి రెయినియర్ పర్వతం చుట్టూ పది రోజులు వాటితోనే నడిచాను.

మాజీ_సుబేదార్ | జూన్ 16, ఉదయం 6:40

నీకు అలవాటైన పాదాలు తల్లీ. ఆవిడ మొదటిసారి. రాళ్ళ మీద చీలమండ మడత పడితే గుర్రం మీద తేవాలి. అదీ కాక నీళ్ళు దాటే చోట్లు ఉన్నాయి.

సియాటిల్_సుధ | జూన్ 16, ఉదయం 6:55

చీలమండ సంగతి బూటు ఎత్తు కన్నా కాలి బలం మీద ఆధారపడుతుంది బాబాయ్ గారూ. ఒప్పుకోరని తెలుసు. ఎవరికి ఏది ఇప్పటికే అలవాటో అదే వేసుకోండి, కొత్త ప్రయోగం మాత్రం అక్కడ వద్దు. ఇందులోనైనా మనిద్దరం ఒక మాట మీద ఉన్నట్టే కదా?

మాజీ_సుబేదార్ | జూన్ 16, ఉదయం 7:01

ఉన్నాం.

బోడుప్పల్_బాబు | జూన్ 16, ఉదయం 10:10

నీళ్ళు దాటడానికి వెనక పట్టీ ఉన్న సాండల్స్ తీసుకోండి, హవాయి చెప్పులు కాదు. నీళ్ళలో చెప్పు కొట్టుకుపోతే కింద రాళ్ళు కోస్తయి. మధ్యాహ్నానికి పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతయి, కాబట్టి గైడు పొద్దున్నే లేపితే విసుక్కోవద్దు. కొన్ని చోట్ల ఇప్పుడు వంతెనలు కట్టిన్రు, జీపు రోడ్డు కూడా ఏటేటా లోపలికి వస్తున్నది. అవే సాండల్స్ సాయంత్రం హోమ్‌స్టేలో కూడా పనికొస్తయి.

సాగరతీరం | జూలై 13, రాత్రి 9:05

కొత్త బూట్లు నెల రోజులుగా వేసుకుంటున్నాను. బ్రాంచిలో అందరికీ నా పేరు "మిలిటరీ మేడమ్" అయిపోయింది. సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా చేశాను, 32 కిలోమీటర్లు (అది ఉత్తి కాళ్ళతోనే, కోప్పడకండి). కాళ్ళు బానే ఉన్నాయి.

ఇప్పుడు మూడు సందేహాలు. స్లీపింగ్ బ్యాగు కొనాలా, అద్దెకా? వాన కోటు అవసరమా, లద్దాఖ్‌లో వాన పడదంటారు కదా? మూడోది ఆడవాళ్ళ సంగతి. తేదీలు సరిగ్గా ట్రెక్కులోనే పడుతున్నాయి, మాత్ర వేసుకుని వాయిదా వేయొచ్చా?

డాక్టరమ్మ_నెల్లూరు | జూలై 13, రాత్రి 9:40

వాయిదా మాత్రలు మందుల షాపులో మీ అంతట మీరు కొనకండి. హార్మోన్ మాత్రల్లో కొన్నింటికి రక్తం గడ్డకట్టే గుణం ఉంటుంది. ఎత్తు మీద రక్తం చిక్కబడుతుంది, నీళ్ళు తక్కువ తాగుతాం. మీ గైనకాలజిస్టుని అడిగి నిర్ణయించుకోండి. వాయిదా వేయకపోయినా ఏమీ ఆగదు, చాలామంది నడుస్తారు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడాలనుకుంటే రెండు నెలల ముందే అలవాటు చేసుకోవాలి, అక్కడ మొదటిసారి ప్రయత్నిస్తే ఏడుపొస్తుంది. ప్యాడ్లయితే నల్ల కవరు, దానిపైన జిప్ కవరు. వాడినవి అందులోనే లేహ్ దాకా తేవాలి. లద్దాఖీ ఇళ్ళలో మరుగుదొడ్డి ఎండుది, కింద పడింది ఎరువై పొలానికి వెళ్తుంది. అందులో ప్లాస్టిక్ వెయ్యడం మహా పాపం. తడి తుడుపు కాగితాలు కూడా అంతే.

కొండగాలి | జూలై 13, రాత్రి 10:25

స్లీపింగ్ బ్యాగు లేహ్‌లో అద్దెకి తీసుకోండి, ఏడాదికోసారికి కొనడం దండగ. కానీ చీటీ మీద మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. షాపువాడు చివరిదే చెప్తాడు, "మైనస్ 20 మేడమ్" అని. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం పోకుండా తెల్లారేదాకా వణికే ఉష్ణోగ్రత. మీరు చూడాల్సింది కంఫర్ట్. నిమాలింగ్ దాదాపు 4,700 మీటర్ల పైన ఉంటుంది, రాత్రికి సున్నా కిందకి పోతుంది. కంఫర్ట్ మైనస్ 5 అయినా ఉంటే నిశ్చింతగా పడుకోవచ్చు. జిప్పు పైనుంచి కిందదాకా రెండుసార్లు లాగి చూసి గానీ డబ్బివ్వకండి. లోపల వేసుకోడానికి ఒక పాత నూలు చీరని సంచిలా కుట్టించుకోండి. కాటన్ పనికొచ్చే చోటు ఇదొక్కటే 🙂

మాజీ_సుబేదార్ | జూలై 14, ఉదయం 5:30

వాన సంగతి. పడేది తక్కువే, నిజం. కానీ 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ మీద మేఘం బద్దలైంది. చోగ్లంసర్ ఊరు బురదలో కూరుకుపోయింది. మట్టి కొండలు అవి, చెట్టు వేరు పట్టి ఉంచదు. వాన పడదనే మాట నమ్మి ఎవరూ వెళ్ళొద్దు. వాగు ఒడ్డున టెంటు వెయ్యనివ్వొద్దు. వాన జాకెట్టు, బ్యాగుకి కవరు తప్పనిసరి. కవరుతో ఆగకండి, డఫెల్ లోపల మందపాటి పెద్ద చెత్త కవరు పరిచి అందులో సర్దండి. గుర్రం నీళ్ళలో నడుం లోతు దిగితే కవర్లేం ఆపవు.

ఆరోజుకి కావలసినవి గుర్రం మీద వెయ్యకండి. గుర్రం ముందెళ్ళిపోతుంది. మీ వీపు మీది చిన్న సంచిలో ఉండాల్సినవి: డౌన్ జాకెట్, వాన జాకెట్, గ్లోవ్స్, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, తినడానికి ఏదో, మందులు, తలకి కట్టుకునే టార్చి, ఈల, డబ్బు, గుర్తింపు కార్డు. పట్టపగలే అయినా టార్చి ఉండాలి.

నీళ్ళ సీసా రాత్రి తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి గడుతుంది, అప్పుడు మూతి దగ్గర నీళ్ళుంటాయి. పడుకునే ముందు స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, సాక్సు తొడిగి, కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పొద్దునకి అవే తాగడానికి. ఫోను, పవర్ బ్యాంకు కూడా బ్యాగులో మీతోపాటే పడుకోవాలి, చలికి చార్జి దిగిపోతుంది.

సియాటిల్_సుధ | జూలై 14, ఉదయం 7:20

ఎండ గురించి ఒక్క ముక్క. ప్రతి వెయ్యి మీటర్లకి అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి. చల్లగా ఉంటుంది కాబట్టి కాలుతున్నట్టు తెలీదు. మంచి కూలింగ్ గ్లాసులు, సన్‌స్క్రీన్, పెదాలకి ఎస్‌పీఎఫ్ ఉన్న బామ్. ముక్కు కింద, చెవుల పైన కూడా రాయండి.

తిండి విషయానికొస్తే, మీ నువ్వుండలు, పల్లీ చిక్కీ ఈ ప్రపంచంలో ఏ ఎనర్జీ బార్ కన్నా తక్కువ కాదు. పైన ఆకలి చచ్చిపోతుంది, నోటికి హితవైనదే లోపలికి పోతుంది. అందుకే కందిపొడి కూడా ఉంచండి. ఆవకాయ నూనె సీసా మాత్రం... పైకెళ్ళే కొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, చిప్స్ ప్యాకెట్లు బూరల్లా ఉబ్బుతాయి. సీసాలో గాలీ అలాగే తోస్తుంది. మూత సందులోంచి నూనె వస్తుంది.

సాగరతీరం | జూలై 14, రాత్రి 8:48

సరే. ఆవకాయ తీసేశాను. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

కోనసీమ_కొబ్బరి | ఆగస్టు 22, రాత్రి 9:00

శుభం భూయాత్ అండీ. మొత్తం ఎంత తూగింది చివరికి?

సాగరతీరం | ఆగస్టు 22, రాత్రి 11:15

డఫెల్ 8 కిలోల 700 గ్రాములు, వీపు సంచి నీళ్ళు కాకుండా 3 కిలోలు. వంటింటి కాటాలో ఒక్కొక్కటి తూచి రాశాను. మేనకోడలు నాకన్నా కిలో ఎక్కువ, అదంతా కెమెరా. రేపు రాత్రికి ఢిల్లీ, ఎల్లుండి తెల్లారి లేహ్.

సాగరతీరం | సెప్టెంబర్ 8, సాయంత్రం 5:35

వచ్చేశాం. కొంగ్‌మారు లా దాటాం. పైన ప్రార్థన జెండాలు, వెనక కాంగ్ యాత్సే శిఖరం తెల్లగా. పావుగంట ఉన్నామేమో, గాలికి నిలబడలేకపోయాం.

మీకు లెక్క అప్పజెప్పాలి కదా. రోజూ వాడినవి: రెండు టీషర్టులు మార్చి మార్చి, ఫ్లీసు, గొడుగు (సుధ గారూ, మొదటి రెండు రోజులూ గొడుగే నన్ను కాపాడింది, మా గైడు కూడా అడిగి పట్టుకున్నాడు), పెదాల బామ్, టార్చి, చీర సంచి, వేడినీళ్ళ సీసా. చివరి దిగుడు రోజు గోళ్ళు పదీ భద్రం.

బ్యాగులోంచి అసలు బయటికి తియ్యనివి: రెండో నడక ప్యాంటు, పుస్తకం, సగం సాక్సులు. పుస్తకం ఎందుకు తీసుకెళ్ళానో నాకే తెలీదు. ఎనిమిదింటికే కళ్ళు మూతలు పడేవి.

లేకపోయి బాధపడింది: దుమ్ముకి మూతికి కట్టుకునే పలచటి గుడ్డ. ఒక్కరూ చెప్పలేదు మీరు! స్కియు వరకు జీపుల దుమ్ము తిని దగ్గు పట్టుకుంది. చివరికి చున్నీ చింపాం.

తచుంగ్‌ట్సేలో మేనకోడలికి తలనొప్పి, రెండు వాంతులు. డాక్టర్ గారు చెప్పిన గీత నడక పరీక్ష పెట్టాను, సరిగ్గానే నడిచింది. అయినా ఒక రోజు అదనంగా అక్కడే ఆగాం. చేతిలో ఒక రోజు ఖాళీ ఉంచుకోవడం వల్లే కుదిరింది. మర్నాటికి స్క్యూ (గోధుమపిండి ముద్దలతో చేసే లద్దాఖీ వంటకం) రెండు గిన్నెలు తిన్నది.

సుబేదార్ గారూ, నిమాలింగ్‌లో ఆగిన ఐదో నిమిషానికి మీరు గుర్తొచ్చారు. తడి టీషర్టు విప్పి పొడి థర్మల్స్ వేసుకుని పైన డౌన్ జాకెట్ తగిలించాను. పక్క టెంటులో ఒకాయన చెమట బట్టలతోనే కూర్చుని రాత్రంతా వణికాడు.

మాజీ_సుబేదార్ | సెప్టెంబర్ 8, సాయంత్రం 6:02

చాలా సంతోషం అమ్మా. దుమ్ము గుడ్డ సంగతి మా తప్పే. మేమెప్పుడూ కట్టుకునే ఉండేవాళ్ళం, అందుకే చెప్పాలని తోచలేదు.

బోడుప్పల్_బాబు | సెప్టెంబర్ 8, రాత్రి 8:30

సూపర్ అక్కా! ఒక చిన్న రిక్వెస్టు. డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌ల కేదార్‌కంఠ ట్రెక్‌కు పోతున్న. మీ డౌన్ జాకెట్ హైదరాబాద్‌లో మీ మరిదిదే కదా, ఒక వారం ఇప్పిస్తరా? ఉతికిచ్చే పూచీ నాది.

సాగరతీరం | సెప్టెంబర్ 8, రాత్రి 8:52

తప్పకుండా తమ్ముడూ. కానీ ముందే చెప్తున్నా, ఎడమ చేతి మీద జానెడు ఎర్ర మరక ఉంది. లేహ్‌లో డఫెల్ విప్పాక తెలిసింది, మా అమ్మ అడుగున చిన్న సీసా దాచింది.

కోనసీమ_కొబ్బరి | సెప్టెంబర్ 8, రాత్రి 8:55

మిగిలింది తిన్నారా లేదా?

సాగరతీరం | సెప్టెంబర్ 8, రాత్రి 8:57

హంకర్‌లో హోమ్‌స్టే ఆవిడ కూడా వేసుకుని తిన్నారు. జాకెట్టుకి ఏం వేసి ఉతకాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సర్ఫ్ వెయ్యొద్దని మరిది గోల పెడుతున్నాడు.